పద్మనాభం, మా నాయన, నేను

సావనీరుకు ఏదైనా రాసిమ్మని విద్యార్థి సంఘం వాళ్ళు ఫోను చేశారు. పాత విద్యార్థిని, పైగా ముప్పయ్యేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనుక, ‘మా కాలంలో మన కాలేజీ’ అని రెండు పేజీలు రాసి పంపుతానని వాళ్ళు అనుకొని వుంటారు. హాస్టలు సాంబారు, లైబ్రరీ మెట్ల మీద సాయంకాలాలు, పరీక్షల ముందు ఏడుకొండలవాడికి మొక్కులు – ఇవన్నీ ప్రతి సావనీరులోనూ ఎవరో ఒకరు రాస్తూనే వున్నారు. నేను ఒక హాస్యనటుణ్ణి గురించి రాస్తాను. సరిగ్గా చెప్పాలంటే ఇద్దర్ని గురించి. ఒకాయన పేరు మీలో చాలామందికి తెలుసు. రెండో ఆయన పేరు మా వూరి చుట్టూ నాలుగు పల్లెలు దాటితే ఎవరికీ తెలియదు. ఆయన మా నాయన.

మాది కడప జిల్లా చాపాడు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు పోయే దారిలో వుంటుంది. కుందూ నది నీళ్ళు, కె.సి. కాలువ నీళ్ళు రెండూ ఎరిగిన నేల. కడప జిల్లా అనగానే మీకు తోచే కరువు బొమ్మకు మా వూరు అంతగా సరిపోదు. కాలువకు నీళ్ళొచ్చిన ఏడు వరి పండేది. వడ్లు ఇల్లు చేరి, నాలుగు రూపాయలు చేతిలో ఆడే రోజుల్లో నాటకాలు మొదలయ్యేవి.

పౌరాణికమంటే హరిశ్చంద్ర, పాండవోద్యోగ విజయాలు. సాంఘికమంటే చింతామణి, వరవిక్రయం. రెండు నెలల ముందు నుంచే ప్రాక్టీసు. ప్రొద్దుటూరు నుంచి డ్రెస్సులు, పరదాలు అద్దెకు వచ్చేవి. ఆడవేషానికి బయటి నుంచి నటీమణిని పిలిపించేవాళ్ళు. ఖర్చులన్నిటిలోకి ఆమెకు ముట్టజెప్పేదే పెద్దది. తరువాతి ఖర్చు హార్మోనిస్టు. మిగిలిన వేషగాళ్ళంతా వూరివాళ్ళే. వాళ్ళకు డబ్బులివ్వడం అటుంచి, వాళ్ళే చందా కట్టాలి. పెద్ద వేషానికి పెద్ద చందా, చిన్న వేషానికి చిన్న చందా. కృష్ణుడు కావాలంటే కృష్ణుడికి తగ్గట్టు కట్టాలి.

మా నాయనకున్నది మూడెకరాలు. మూడెకరాలకు కృష్ణుడి వేషం రాదు. అదీగాక ఆయన గొంతు పద్యానికి పనికొచ్చే గొంతు కాదు. హాస్యపాత్ర మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు గనుక దానికి చందా వుండేది కాదు. అట్లా ఆయన నటుడయ్యాడు.

హాస్యం వేసేవాడి కష్టం నాకు చిన్నతనంలో తెలియలేదు. పౌరాణికంలో పద్యం పాడేవాడికి ఎన్ని అండలున్నాయో చూడండి. హార్మోనియం అండ వుంది. కవిగారి అండ వుంది. ప్రేక్షకులకు ముందే నోటికొచ్చిన పద్యం గనుక వాళ్ళ అండా వుంది. చివర రాగం తీస్తే ఈలలు, ‘వన్స్‌మోర్’ కేకలు, చదివింపులు. హాస్యగాడికి పద్యం లేదు. రాగం లేదు. వన్స్‌మోర్ అసలే లేదు. ఒకసారి నవ్విన మాటకు రెండోసారి ఎవరు నవ్వుతారు? పైగా అతణ్ణి రంగం మీదికి తోసే సమయం చూడండి. రాత్రి రెండు గంటలప్పుడు, పిల్లలు గోనెపట్టల మీద నిద్రపోయి, పెద్దవాళ్ళు కునికిపాట్లు పడుతూ వుండగా, వెనక పరదా మార్చడానికి పావుగంట పడుతుందంటే అప్పుడు హాస్యగాణ్ణి పంపుతారు. ఆ పావుగంటా జనాన్ని లేపి కూర్చోబెట్టాలి. లేపాడా, ఆ ఘనత తరువాత వచ్చే కృష్ణుడిది. లేపలేదా, నాటకం చెడగొట్టాడని హాస్యగాడి మీద నింద.

మా నాయనకు పేరు తెచ్చిన వేషం వరవిక్రయంలో సింగరాజు లింగరాజు. కాళ్ళకూరి నారాయణరావు గారు వరకట్నం మీద కోపంతో రాసిన నాటకమది. లింగరాజు పిసినారి. కొడుకును పెళ్ళిసంతలో పెట్టి, ఒక్కొక్క రూపాయికీ బేరమాడే తండ్రి. ఆ కట్నం కారణంగానే కాళింది అనే పిల్ల ప్రాణం తీసుకుంటుంది. 1939లో సి. పుల్లయ్య గారు దీన్ని సినిమాగా తీశారు. భానుమతి గారి మొదటి చిత్రం అదే. అందులో లింగరాజు వేషం వేసినవారు హరిశ్చంద్ర నాటక కర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. హరిశ్చంద్రుడి చేత అన్నన్ని పద్యాలు పాడించిన కవి తాను వేసింది పిసినారి వేషం! ఈ సంగతి నేను ఎమ్.ఎ.లో తెలుసుకున్నాను. మా నాయన దగ్గర ఏనాడో నేర్చుకోవలసింది.

నాయన లింగరాజుగా రంగం మీదికి వచ్చి, ముందు కూర్చున్న జనాన్ని ఒక్కసారి లెక్కపెట్టేవాడు. వేలు చూపి, పెదాలు కదిలిస్తూ, ఒక్క మాట లేకుండా. ఆ తల్లులూ తండ్రులూ తమ ఇళ్ళలో వున్న పెళ్ళికొడుకుల ధర తలుచుకొని నవ్వేవాళ్ళు. కొందరు నవ్వు సగంలో ఆపుకొనేవాళ్ళు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఆగిన నవ్వే నాటకం. అప్పుడు నాకు కనిపించింది మాత్రం గోచీ ఎగ్గట్టి, నడుముకు తాళాల గుత్తి వేలాడదీసి, వూరందరి ముందూ వంకర నడక నడుస్తున్న మా నాయన. మరుసటి రోజు బడిలో పిల్లలు నన్ను ‘జోకరు కొడుకు’ అనేవాళ్ళు. అర్జునుడి కొడుకు నా పక్క బెంచీలోనే కూర్చునేవాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

ఒకరోజు ఏడుస్తూ ఇంటికొచ్చి, “నాయనా, నువ్వు ఇంగ ఆ ఏషాలు ఎయ్యాకు” అన్నాను.

ఆయన నాగలి కర్రు బిగించుకుంటూ, “పద్మనాభం కొడుకును గూడా అట్లనే అంటాంటారులేరా” అన్నాడు. “ఆ పిల్లోడు ఏడుస్తాండాడంటావా?”

మా ఇంట్లో పద్మనాభం అంటే బంధువుల పేరు చెప్పినట్టు చెప్పేవాళ్ళు. దానికి కారణం, మా మేనత్తను సింహాద్రిపురం దగ్గరి ఒక పల్లెకు ఇచ్చారు. నాయన ఏటా పండక్కు పసుపుకుంకుమలు తీసుకొని ప్రొద్దుటూరు, ముద్దనూరు మీదుగా పోయి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా, తాను పద్మనాభం పుట్టిన వూళ్ళో టీ తాగినట్టు చెప్పేవాడు. ఆయన పద్మనాభాన్ని ఒక్కసారైనా చూసింది లేదు. కానీ పుట్టిన తేదీతో సహా తెలుసు.

పద్మనాభం పూర్తి పేరు బసవరాజు వెంకట పద్మనాభరావు. పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో 1931 ఆగస్టు 20న పుట్టాడు. నాయనకు ఈ ఇంటిపేరు చాలా ముచ్చట. “మన నాటకంలో లింగరాజు కొడుకు పేరు బసవరాజు. ఆయప్ప ఇంటిపేరూ బసవరాజే. ఆ లెక్కన నేను ఆయప్పకు నాయన వరస” అని నవ్వేవాడు. ఈ హాస్యానికి మా అమ్మ ఒక్కతే ప్రతిసారీ నవ్వేది.

ఆ పల్లెలో నుంచి నటుడు రావడం వింతగా మీకు తోచవచ్చు. మా జిల్లావాళ్ళకు తోచదు. 1885లో మా జిల్లాలోని సురభి గ్రామంలోనే వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’ ఆడించారు. తరువాత ఆ కుటుంబాలు తెలుగుదేశమంతా నాటకశాలలు కట్టుకొని తిరిగితే, లోకం వాళ్ళ ఇంటిపేరు మరిచి వాళ్ళను సురభివాళ్ళు అనడం మొదలుపెట్టింది. ఇటు పక్క తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ గారు వకీలు వృత్తి చేస్తూనే రంగస్థలాన్ని ఏలారు, సినిమాల్లోనూ నటించారు. పద్యం అవసరానికి మించి పాడవద్దని, పాత్రగా మాట్లాడమని ఆనాడే చెప్పినాయన. ఈ గాలి పీల్చిన నేలలో పద్మనాభం చిన్నప్పుడే పద్యాలు నేర్చాడు, వేషాలు వేశాడు. పదిహేనేళ్ళయినా నిండకుండా మద్రాసు చేరాడు. అక్కడ కన్నాంబ గారి ఆదరణ దొరికింది. 1945లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాయాలోకం’తో తెర మీద కనిపించాడు. తరువాత ‘త్యాగయ్య’, ‘యోగి వేమన’ వంటి సినిమాల్లో చిన్న చిన్న వేషాలు.

1951లో ‘పాతాళభైరవి’ వచ్చింది. ఆ సినిమా మా నాయన ప్రొద్దుటూరులో ఎన్నిసార్లు చూశాడో ఆయనకే లెక్క లేదు. ఎస్.వి. రంగారావు గారి నేపాళ మాంత్రికుడి దగ్గర సదాజపుడనే శిష్యుడు వుంటాడు గదా, ఆ శిష్యుడు పద్మనాభం. జనం తోటరాముణ్ణి చూసి వచ్చారు, మాంత్రికుణ్ణి చూసి వచ్చారు. మా నాయన శిష్యుణ్ణి చూసి వచ్చాడు. “అంత పెద్ద మనిసి ముందర నిలబడి, మనల్ను తనవైపు చూసేట్టు చేసుకున్న్యాడే, అది పని” అనేవాడు. ఆ సినిమా తీసిన విజయా సంస్థ నాగిరెడ్డి గారు మా జిల్లావారు, దర్శకుడు కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి. అందుచేత పాతాళభైరవి మొత్తం మావాళ్ళు తీసిందేనని నాయన వాదం. చక్రపాణి గారి మాట ఎత్తితే వినబడనట్టు వుండేవాడు.

‘పెళ్ళిచేసి చూడు’, ‘చంద్రహారం’ అదే సంస్థలో వచ్చాయి. ఆ రోజుల్లో హాస్యమంటే రేలంగి, రమణారెడ్డి గార్లు. వాళ్ళ మధ్య చోటు చేసుకోవడం తేలిక కాదు. పద్మనాభం చోటు చేసుకున్నాడు. గీతాంజలితో జంటగా వేస్తే సినిమాకు వేరే బలం అక్కరలేదన్నట్టు కొన్నేళ్ళు నడిచింది. అన్నం పెట్టేది సినిమా అయినా నాటకాన్ని వదలలేదు. వల్లం నరసింహారావు గారితో కలిసి రేఖా అండ్ మురళి ఆర్ట్స్ అని పెట్టుకొని ‘శాంతినివాసం’ నాటకం ఆడుతూ వూరూరా తిరిగాడు. సినిమాలో పేరొచ్చినవాడు మళ్ళీ రంగు పెట్టె సర్దుకొని రంగం ఎక్కడం ఎందుకు? అని నేను అడిగితే నాయన ఇచ్చిన జవాబు నాకు గుర్తుంది. “సినిమాలో నవ్వు వాళ్ళు నవ్వేటప్పుడు నువ్వు ఆడ వుండవు గదరా” అన్నాడు.

ఆ నాటక సంస్థ పేరుతోనే తరువాత సినిమాలు తీశాడు. మొదటిది 1965లో ‘దేవత’. ఎన్.టి. రామారావు, సావిత్రి. భార్య చనిపోయిన ఇంటికి అదే రూపం గల ఇంకొక అమ్మాయి రావడం కథ. నవ్వించి సంపాదించిన డబ్బుతో ఏడిపించే సినిమా తీశాడని మా వూళ్ళో చెప్పుకున్నారు. 1966లో ‘పొట్టి ప్లీడరు’. 1967లో ‘శ్రీ శ్రీ శ్రీ మర్యాద రామన్న’, తానే రామన్న. ఈ సినిమాకు ఎస్.పి. కోదండపాణి గారు సంగీతం. 1966 డిసెంబరులో ఆయన ఒక ఇంజనీరింగు విద్యార్థి చేత పాట పాడించారు. ఆ విద్యార్థి పేరు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. అదే ఆయన మొదటి సినిమా పాట. ఆ పాటలో సుశీల, పి.బి. శ్రీనివాస్ గార్లతో పాటు రంగస్థల కృష్ణుడు ఈలపాట రఘురామయ్య గారు కూడా గొంతు కలిపారు. నాటకం నుంచి వచ్చిన పాత గొంతూ, రాబోయే యాభై ఏళ్ళ కొత్త గొంతూ ఒక్క పాటలో వినిపించాయంటే, దానికి చోటిచ్చిన నిర్మాత మన హాస్యనటుడు.

తరువాత దర్శకుడూ అయ్యాడు. 1969లో ‘శ్రీరామకథ’, 1970లో ‘కథానాయిక మొల్ల’. మొల్ల అంటే రామాయణం రాసిన ఆతుకూరి మొల్ల. ఆమెది మా జిల్లా గోపవరమని మావాళ్ళ నమ్మకం. కుమ్మరి ఇంటి ఆడపిల్ల రామాయణం రాస్తే ఆ రోజుల్లో పండితులు ఏమని వుంటారో వూహించుకోవచ్చు. ఆ కథను తెరకెక్కించాలన్న ఆలోచన పెద్ద పెద్ద కథానాయకులకు రాలేదు. పద్మనాభానికి వచ్చింది. వాణిశ్రీ మొల్ల. ఆ సినిమాకు రాష్ట్ర ప్రభుత్వం నంది బహుమతి ఇచ్చింది. 1971లో మళ్ళీ తన హాస్యానికి తాను తిరిగివచ్చి ‘జాతకరత్న మిడతంభొట్లు’ తీశాడు.

సొంత సినిమాలు ఆయనకు పేరు తెచ్చాయి, నష్టాలూ తెచ్చాయి. కాలం మారింది, హాస్యానికి కొత్తవాళ్ళు వచ్చారు. ఆయన వేషాలు వేస్తూనే వున్నాడు.

ఇప్పుడు మన కాలేజీకి వస్తాను.

1980లో నేను ఎమ్.ఎ. రెండో సంవత్సరం. కాలేజీ డేకు వరవిక్రయం వేద్దామని నిర్ణయించారు. మొత్తం కాదు, ఏరి కూర్చిన రంగాలు, గంటన్నర. వరకట్నం మీద వుపన్యాసాలు ఎన్ని పెట్టినా కుర్రాళ్ళు వినరని, నాటకమైతే కూర్చుంటారని మా లెక్చరరు గారి అభిప్రాయం. వేషాలు పంచేటప్పుడు నన్ను చూసి, “నువ్వు కడప జిల్లావాడివి గదా, లింగరాజు వేస్తావా?” అని అడిగారు. కడప జిల్లాకూ లింగరాజుకూ వున్న సంబంధం ఆయనకు ఎట్లా తోచిందో తెలియదు. నాకు మాత్రం గుండె జారింది. పిసినారి వేషం నాకు వద్దు సార్ అన్నాను. పురుషోత్తమరావు వేషం అడిగి తీసుకున్నాను. పురుషోత్తమరావంటే పెళ్ళికూతురి తండ్రి, మర్యాదస్థుడు, ఇస్త్రీ పంచె. లింగరాజు వేషం హాస్టలులో నా పక్కగది మిత్రుడికి వచ్చింది. వాడు అద్భుతంగా చేస్తున్నాడు.

ఇంటికి రాసిన కార్డులో మాటవరసకు నాటకం సంగతి రాశాను. వరవిక్రయం అన్న పేరు చదివి మా నాయన ఆగుతాడా? మైదుకూరులో ఒక బస్సు, కడపలో ఒక బస్సు మారి, రాజంపేట, కోడూరు మీదుగా పొద్దుగూకే వేళకు హాస్టలుకు చేరుకున్నాడు. చంకలో గుడ్డసంచి. అందులో మా అమ్మ పంపిన నిప్పట్లు, చెనక్కాయల చిక్కీలు. నా మిత్రులకు పరిచయం చేశాను. “మా నాయన. సేద్యం చేస్తాడు” అన్నాను. అంతవరకే చెప్పాను. నాయన నా వైపు ఒకసారి చూసి, అందరికీ నిప్పట్లు పంచాడు.

నాటకానికి ఇంకా గంట వుందనగా పక్కగది మిత్రుడికి చలిజ్వరం వచ్చి పడిపోయాడు. దుప్పటి కప్పినా ఆగని వణుకు. వేదిక వెనక అందరం చేరాం. లెక్చరరు గారు తల పట్టుకొని, “ఈ వేషం నోటికొచ్చినవాళ్ళు ఎవరైనా వున్నారా? ఎవరైనా సరే, బయటివాళ్ళైనా సరే” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తూనే వుంటుంది. బయటివాళ్ళైనా సరే.

పరదా సందులోంచి చూస్తే మూడో వరసలో మా నాయన కనిపిస్తున్నాడు. తెల్లటి చొక్కా, ఒళ్ళో గుడ్డసంచి. పాతికేళ్ళుగా ఆ వేషం వేస్తున్న మనిషి. ప్రాంప్టరు అక్కర లేదు, పుస్తకం అక్కర లేదు. నేను ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాట చెబితే, రేపటి నుంచి ఈ కాలేజీలో కూడా నేను లింగరాజు కొడుకును. గోచీ, తాళాల గుత్తి, వంకర నడక. ఆడపిల్లలు కూడా చూస్తారు.

నేను నోరు తెరవలేదు.

లింగరాజు వచ్చే రంగాలు తీసేశారు. బేరం లేని వరవిక్రయం ఆడాం. కట్నం అడిగేవాడు రంగం మీదికి రాకుండానే ఇటు మేము కట్నానికి భయపడ్డాం, ఏడ్చాం, పద్యాలు పాడాం. కాళింది చనిపోయినప్పుడు వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నవ్వవలసిన చోట నవ్వనివ్వకపోతే జనం ఏడవవలసిన చోట నవ్వుతారని నాకు ఆ రాత్రి తెలిసింది. హాస్యం నాటకానికి వుప్పూకారం వంటిదని అంటారు. కాదు. వరవిక్రయంలో తప్పు చేసేది లింగరాజు. ఆ తప్పును జనం దగ్గరికి తీసుకుపోయి, ఇది మీ ఇంట్లోదే కాదా చూసుకోండని చూపేదీ ఆ పాత్రే. అతణ్ణి తీసేస్తే మిగిలేది వుపన్యాసం.

రాత్రి బస్సుకు నాయనను సాగనంపడానికి బస్టాండు దాకా నడిచి పోయాను. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. చివరికి ఆయనే, “ఆ లింగరాజు పిల్లోనికి జరమంటనే?” అన్నాడు.

“అవును నాయనా.”

“పాపం. నువ్వు బాగా జేసినావు లే. గొంతు కొంచెం ఎత్తాల.”

బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, వంగి నా చేతిలో పది రూపాయలు పెట్టాడు. బస్సు కదిలింది. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నేను లెక్చరరునయ్యాను. వరవిక్రయం పాఠంగా చెప్పవలసి వచ్చిన ప్రతి ఏడూ లింగరాజు పాత్ర దగ్గర బాగానే మాట్లాడేవాణ్ణి. పిల్లలు నోట్సు రాసుకొనేవాళ్ళు. ఆ నోట్సులో లేని వాక్యం ఒకటి నా దగ్గర వుండిపోయింది.

2010 ఫిబ్రవరి 20న పద్మనాభం గారు చెన్నైలో కన్నుమూశారు. మరునాడు ఆదివారం. నేను చాపాడులో వున్నాను. నాయనకు అప్పటికి ఎనభై దాటాయి, చూపు మందగించింది. పేపరు నేనే చదివి వినిపించాలి. ఆ వార్త చదివాను. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఏమేమి రాసినారు, అంతా చదువు” అన్నాడు.

చదివాను. సినిమాల పేర్లు వచ్చిన కొద్దీ వేళ్ళు మడుస్తూ పోయాడు. అయిపోయాక, “మొల్ల సినిమా ఆయప్ప తీసిందే. అది రాసినారా?” అని అడిగాడు. రాశారని చెప్పాను. తృప్తిపడ్డాడు. “నవ్విచ్చేవాణ్ణి అందరూ తేలిగ్గా జూస్తారు. తేలిగ్గా జూసినోళ్ళ బాద నవ్విచ్చేవానికి తెలుస్తాది. అందుకే మొల్లను తీసినాడు” అన్నాడు.

పద్మనాభం గారు ఎందుకు తీశారో నాకు తెలియదు. మా నాయన ఎందుకు ఆ మాట అన్నాడో తెలుసు. ముప్పయ్యేళ్ళుగా గొంతులో వున్నది అప్పుడు బయటపడింది.

“నాయనా, తిరుపతిలో ఆ పొద్దు లింగరాజు ఏషం వచ్చినోళ్ళు ఎవరన్నా వుండారా అని మా సారు అడిగినాడు. నువ్వు వుండావని నేను చెప్పలే. నాకు సిగ్గయింది.”

ఆయన నవ్వాడు. పళ్ళు లేని నవ్వు. “తెలుసులేరా” అన్నాడు. “నువ్వు పరదా సందులోంచి తొంగి జూసినప్పుడే తెల్సింది. పాతికేండ్లు జనం మొగాలు జూసి యాషం ఏసినోణ్ణి, నా కొడుకు మొగం సదవలేనా?”

“మరి ఒక్క మాటన్నా అనకపోతివే?”

“ఏమనాల? నా బాధ అది గాదు. ఆ పొద్దు జనం నవ్వడానికే వచ్చి కూర్చున్న్యారు. వుత్త చేతుల్తో పాయిరి.”

కొంతసేపయ్యాక చేతికర్ర అడిగాడు. తీసి ఇచ్చాను. మంచం పట్టె మీద కూర్చునే, నన్నూ, మా ఆవిడనూ, నా కూతుర్నీ, వాకిట్లో వడియాలు ఆరబెడుతున్న పక్కింటామెనూ, వేలు చూపుతూ, పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టాడు. ఒక్క మాట లేదు. లెక్క పూర్తయి, ఒకరు తక్కువయ్యారన్నట్టు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మా అమ్మాయికి లింగరాజు ఎవరో తెలియదు. అయినా పొట్ట పట్టుకొని నవ్వింది. ఆ అమ్మాయికి అప్పుడు సంబంధాలు చూస్తున్నాం. నేను నవ్వు సగంలో ఆపుకున్నాను.

ఆయన నాలుగేళ్ళు బతికాడు. ఆ నాలుగేళ్ళలో మా కాలేజీ విద్యార్థులను రెండుసార్లు చాపాడు తీసుకుపోయాను, ఆయన దగ్గర కూర్చోబెట్టాను. వాళ్ళకు ఆయనను పరిచయం చేస్తూ, “మా నాయన. నటుడు” అన్నాను. ఆ మాట మూడో వరసలో కూర్చున్న మనిషిని చూపించి చెప్పవలసింది. ముప్పయ్యేళ్ళు ఆలస్యంగా చెప్పాను.

ఈ ఏడు కాలేజీ డేకు కూడా మీరు ఏదో ఒక నాటకం వేస్తారు. పెద్ద వేషాలకు పోటీ వుంటుంది, వుండవలసిందే. హాస్యపాత్ర ఎవరూ అడగక మిగిలిపోతే, అది ఏదో ఒక మూలకు తోయకండి. మీలో అందరికన్నా బాగా చేయగలవాడికి ఇవ్వండి. ఆ సాయంత్రం మీ అమ్మానాన్నలు పల్లె నుంచి వస్తే, వాళ్ళు ఏం చేస్తారో మీ మిత్రులకు పూర్తిగా చెప్పండి.